కరెంటు పోయే రాత్రిని తలుచుకుని కొను

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన షాపు కొటేషన్ రెండుసార్లు చదివాను. నాలుగడుగుల ట్యాంకు, దానికి కానిస్టర్ ఫిల్టర్, యూవీ, స్కిమ్మర్, కార్బన్, రెండు రకాల బ్యాక్టీరియా సీసాలు, చిల్లర్. కింద నీ ప్రశ్న: "వీటిలో ఏవి కావాలి, ఏవి అక్కర్లేదు మావయ్యా?" బుజ్జిగాడు నారింజరంగు మీద తెల్లచారల ఆ క్లౌన్ చేప కోసం వేసవి సెలవుల నుంచీ ఇల్లు పీకి పందిరేస్తున్నాడని మీ అమ్మ చెప్పింది. ఫోనులో చెప్తే సగం గాలికి పోతుంది. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారి చేత కూడా ఒకసారి చదివించు. ఖర్చు ఇద్దరిదీ, చాకిరీ కూడా ఇద్దరిదీ.

ముప్ఫై ఏళ్లు భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో సముద్రపు నీళ్లే నా ఉద్యోగం. ఒడ్డు నుంచి తోడిన నీటిని ఇసుక ఫిల్టర్లు, క్లోరిన్, కార్ట్రిడ్జ్‌లు, యూవీ దాటించి పిల్లల ట్యాంకుల్లోకి పంపడం, పగలూ రాత్రీ గాలి ఆగకుండా చూసుకోవడం, అదే పని. ఒక రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ బ్యాటరీ దిగిపోయి ఉంది, ఎవరూ చూసుకోలేదు. ఇంకో బ్యాటరీ తెచ్చి తగిలించేసరికి చాలాసేపయింది. టార్చి వేసి చూస్తే రొయ్యపిల్ల తెల్లగా అడుగున పరుచుకుని ఉంది. మా ఫిల్టర్లన్నీ ఖరీదైనవే, అన్నీ బాగానే ఉన్నాయి. ఆ రాత్రి ఒక్కటీ అక్కరకు రాలేదు. అప్పటి నుంచి నీళ్లకు సంబంధించిన ఏ సామాను కొనాలన్నా నాది ఒకటే ప్రశ్న: ఇది ఆగిపోయినప్పుడు ఏమవుతుంది?

అందుకే ముందు ఇది కనుక్కో. మీ అపార్ట్‌మెంట్ జనరేటర్ లిఫ్టుకీ మెట్ల లైట్లకీ మాత్రమేనా, ఫ్లాట్ లోపలి ప్లగ్గులకు కూడా వస్తుందా? ఇన్వర్టర్ ఉందా? ఉంటే హాల్లో ఏ ప్లగ్గు దాని మీద ఉంది? ట్యాంకు ఎక్కడ పెట్టాలో సోఫా చెప్పకూడదు, ఆ ప్లగ్గు చెప్పాలి.

ఇక ఫిల్టర్ అంటే ఏమిటో చెప్తాను. చేప మొప్పల్లోంచి, పెంటలోంచి, మిగిలిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో జాతి నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది కొంతవరకు ఓర్చుకోదగ్గది. మంచినీళ్ల చేపల ట్యాంకులో కూడా జరిగేది ఇదే. కానీ సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 దాకా ఉంటుంది. ఆ పీహెచ్‌లో అమ్మోనియాలో విషంగా ఉండే వంతు, పీహెచ్ 7 ఉన్న నీటితో పోలిస్తే పది రెట్లకు పైనే. పైగా ఉప్పునీటిలో ప్రాణవాయువు మంచినీటిలో కంటే ఇంచుమించు అయిదో వంతు తక్కువ పడుతుంది. మా ఇంట్లో గోల్డ్‌ఫిష్ పదేళ్లు బతికింది కదా అని ఈ పనిలోకి దిగినవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

కాబట్టి అసలు ఫిల్టర్ ఆ బ్యాక్టీరియా. దానికి కావలసింది నిలవడానికి చోటు, ఆగకుండా పారే నీరు, ప్రాణవాయువు. ఈ మూడూ ఇచ్చేదాన్ని ఏ పేరుతో అమ్మినా ఫిల్టరే. 1961లో జకార్తాలో ఉండే లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో తన పద్ధతి రాశాడు. సముద్రంలోంచి ప్రాణమున్న రాళ్లు తెచ్చి ట్యాంకులో పేర్చి, చిన్న గాలిగొట్టం ఒకటి పెట్టాడు, అంతే. రాతి సందుల్లో చేరిన బ్యాక్టీరియా నీటిని శుభ్రం చేసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు జర్మనీలో బెర్లిన్ ఔత్సాహికులు అదే రాతికి గట్టి నీటి ప్రవాహాన్నీ, ప్రొటీన్ స్కిమ్మర్‌నూ జోడించారు. దాన్నే ఇప్పటికీ బెర్లిన్ పద్ధతి అంటారు. నీకు నేను చెప్పబోయేది దాదాపు అదే.

అయితే రాయి విషయంలో ఒక జాగ్రత్త. "నాచురల్ రాక్ ఉంది మేడమ్, మామూలుగా ఎవరికీ ఇవ్వం" అని షాపులో గొంతు తగ్గించి చెప్తే తీసుకోకు. పగడపు దిబ్బ నుంచి విరగ్గొట్టిన రాయి చచ్చిపోయినదైనా పగడమే. 2001లోనే పగడాలనూ, సీహార్స్‌లనూ, సముద్రపు దోసకాయలనూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. ఇంట్లో పెట్టుకుంటే నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, పిల్లాడికి సముద్రం మీద ప్రేమ కలగాలని సముద్రాన్ని పగలగొట్టి తెచ్చుకోవడం నాకు మింగుడుపడదు. చిల్లులు చిల్లులుగా ఉండే కృత్రిమ రాళ్లు, పింగాణీ బ్లాకులు దొరుకుతున్నాయి. బ్యాక్టీరియాకు అవి చాలు. చేప కూడా హేచరీలో పుట్టిందే అడుగు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు క్లౌన్ చేపలను హేచరీలో గుడ్లు పెట్టించి పెంచే విద్య ఎప్పుడో సాధించారు. అలా పుట్టిన పిల్ల మేతకు అలవాటుపడి వస్తుంది, జబ్బులు తక్కువ తెస్తుంది.

ఇప్పుడు కొటేషన్‌లోకి వద్దాం. అందులో నేను చెయ్యి వెయ్యనివ్వనిది స్కిమ్మర్. దాని మీద డబ్బు తగ్గించకు.

నీకు గుర్తుందా, ఒక ఏడు వాయుగుండం పట్టినప్పుడు భీమిలి ఒడ్డున మోకాలెత్తు నురగ చూసి సబ్బునీళ్లు ఎవరు పోశారని అడిగావు? అది సబ్బు కాదు. సముద్రంలో కుళ్లిన నాచు, జీవుల జిగురు అలల దెబ్బకు గాలిబుడగలకు అంటుకుని పైకి తేలి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. స్కిమ్మర్ చేసేది ఆ పనే, ఒక గొట్టంలో. పంపు గాలిని సన్నటి పొగలా నీటిలో చిలుకుతుంది. ఉప్పునీటిలో బుడగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా చిన్నవిగానే నిలుస్తాయి కాబట్టి వాటి చుట్టూ మురికి అంటుకుంటుంది. నురగ పైకెక్కి గిన్నెలో పడుతుంది. నాలుగు రోజులకు ఆ గిన్నె తీసి చూడు, చిక్కటి కషాయం రంగులో, ముక్కు మూసుకునేంత కంపుతో ఉంటుంది. ఆ కంపంతా అమ్మోనియాగా మారకముందే నీటిలోంచి బయటికొచ్చేసిందన్నమాట. మిగతా ఫిల్టర్లు మురికిని మార్చుతాయి, లేదా పట్టి నీటిలోనే ఉంచుతాయి. ఇది బయటికి తీసేస్తుంది. పైగా రోజంతా నీటికి గాలి తాగిస్తుంది.

డబ్బా మీద రాసిన అంకెను మాత్రం నమ్ముకోకు. "500 లీటర్లకు" అని ఉంటే అది చేపలు పల్చగా ఉన్న ట్యాంకు లెక్క అనుకో. మీది ట్యాంకూ సంప్ కలిపి 250 లీటర్ల నీరు అవుతుంది. దానికి 400, 500 లీటర్లని రాసి ఉన్నది సరిపోతుంది. వెయ్యి లీటర్లదీ వద్దు. రెండు చేపల మురికి దానికి చాలదు, నురగ నిలకడగా ఎక్కదు. కొనేముందు పంపు విప్పి చూపించమను. లోపలి ఇంపెల్లర్ విడిగా దొరుకుతుందా అని అడుగు. దొరకదంటే ఎంత చవకైనా ఆ కంపెనీ వద్దు. నెలకోసారి వెనిగర్ కలిపిన నీటిలో దాన్ని నానబెట్టి తోమాలి, లేకపోతే సున్నం పేరుకుని చప్పుడు మొదలవుతుంది. కొత్త స్కిమ్మర్ మొదటి వారం, పది రోజులు పిచ్చి నురగ కక్కుతుంది, లేదా అసలు కక్కదు. కంగారుపడి రోజూ తిప్పకు.

ఆ స్కిమ్మర్‌కు ఇల్లు సంప్. అంటే ట్యాంకు కింద అరలో ఇంకో చిన్న ట్యాంకు. పైనుంచి నీళ్లు పొర్లి కిందికి దిగుతాయి, పంపు మళ్లీ పైకి తోస్తుంది. షాపువాడు సంప్ రాయకుండా కానిస్టర్ రాశాడంటే మరి వడ్రంగం పని తప్పించుకోవడానికో, నీకు సులువని అనుకునో, నాకు తెలీదు. కానీ నువ్వు సంప్ అడుగు. నీళ్ల మొత్తం పెరుగుతుంది, స్కిమ్మరూ హీటరూ కంటికి కనబడవు, ఆవిరై తగ్గిన నీటి మట్టం సంప్‌లోనే తెలుస్తుంది కాబట్టి పైన చేపలకు తేడా ఉండదు.

సంప్ కట్టించేటప్పుడు చూడాల్సింది కరెంటు పోయే రాత్రి లెక్కే. మీ ట్యాంకు నాలుగడుగులు పొడవు, అడుగున్నర వెడల్పు. అందులో ఒక్క అంగుళం ఎత్తు నీరంటే 14 లీటర్లు. కరెంటు పోగానే పంపు ఆగుతుంది, ట్యాంకులో పొర్లే అంచుకు పైన ఉన్న నీరు కిందికి దిగుతుంది. అది ఒక అంగుళమే అయితే పర్వాలేదు. కానీ పంపు నుంచి పైకి వెళ్లిన గొట్టం మూతి ట్యాంకులో ఆరంగుళాల లోతున మునిగి ఉంటే, ఆ గొట్టమే వెనక్కి నీళ్లు లాగడం మొదలుపెడుతుంది. ఆరంగుళాలంటే 84 లీటర్లు. నీ సంప్‌లో అంత ఖాళీ ఉండదు, నీళ్లు హాల్లోకి వస్తాయి. మా ఇంట్లో ట్యాంకు పెట్టిన మొదటి ఏడు అదే జరిగింది. తెల్లారి లేచి చూసేసరికి చెక్క బీరువా కింద ఉప్పునీరు, పైన చేపలు సగం నీటిలో. అప్పటికి మీ అత్తయ్య ఏమీ అనలేదు గానీ ఆ బీరువా మళ్లీ బాగుపడలేదు. గొట్టం మూతి నీటి మట్టానికి అంగుళం లోపే ఉండాలి, మట్టానికి కాస్త కిందుగా గొట్టానికి ఒక చిన్న బెజ్జం పెట్టాలి. నీరు ఆ బెజ్జం దాకా దిగగానే గాలి దూరి లాగడం ఆగిపోతుంది. వాల్వు పెట్టాం కదా అంటారు, ఉప్పు పేరుకుంటే వాల్వు మూసుకోదు, నమ్మకు. చేపలు రాకముందు ఒక ఆదివారం నీళ్లు నింపి, నువ్వే మెయిన్ స్విచ్ ఆపి, సంప్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చూడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

కానిస్టర్ గురించి: అది చెడ్డ సామానేమీ కాదు. మంచినీళ్ల ట్యాంకుకు నేనూ పెట్టాను. కానీ అది మూత బిగించిన డబ్బా. కరెంటు పోయి కొన్ని గంటలైతే లోపలి బ్యాక్టీరియా ప్రాణవాయువంతా వాడేసి చావడం మొదలుపెడుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లునీరు నేరుగా చేపల మీదికి కొడుతుంది. పైగా మూత విప్పి కడగడం బద్ధకం కాబట్టి నెలలు గడిచిపోతాయి, లోపల పట్టిన మురికి నైట్రేటై నీటిలోకి వస్తూనే ఉంటుంది. స్కూలు, ఆఫీసు, వంట మధ్య నువ్వు రెండు వారాలకోసారి దాన్ని విప్పుతావా? నిజం చెప్పు. విప్పనిది కొనకు. సంప్‌లోకి నీళ్లు దిగేచోట ఒక ఫిల్టర్ సాక్, అంటే గుడ్డసంచీ లాంటిది, తగిలిస్తే మేత తుక్కూ పెంటా పట్టేస్తుంది. మూడు రోజులకోసారి మార్చి, ఉతికి ఆరేసుకోవచ్చు. అరడజను కొనిపెట్టుకో.

సాక్ ఎలాగైనా ఉతుకు. బ్యాక్టీరియా ఉన్న రాళ్లూ పింగాణీ ముక్కలూ మాత్రం కొళాయి నీటితో ఎప్పుడూ కడగకు. కొళాయిలో క్లోరిన్ ఉంటుంది, అది పెట్టేదే బ్యాక్టీరియాను చంపడానికి. ట్యాంకు నుంచి తీసిన పాతనీటిలో జాడిస్తే చాలు.

యూవీ ఇప్పుడు వద్దు. చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వచ్చే జబ్బుకు అదే మందని అమ్ముతారు. నీటిలో ఈదుతూ యూవీ గొట్టంలోకి వెళ్లిన పురుగులనే అది చంపుతుంది, చేపను పట్టినవాటిని ఏమీ చెయ్యలేదు. ఆ డబ్బుతో పక్కన ఒక చిన్న ప్లాస్టిక్ టబ్బు, స్పాంజి ఫిల్టర్ పెట్టుకుని, కొత్త చేపను నెలరోజులు విడిగా ఉంచి గమనించు. కార్బన్ నెలకు కొన్ని రోజులు నీటి పసుపు పోవడానికి చాలు. బ్యాక్టీరియా సీసా ఒకటి చాలు, రెండోది కొట్టెయ్.

చిల్లర్ మాత్రం ఉంచు. విశాఖలో సముద్రపుగాలి ఉంది గానీ హైదరాబాద్ మే నెలలో పంపుల వేడి కూడా తోడై ట్యాంకు నీరు 31, 32 డిగ్రీలకు పోతుంది. నీకు కావలసింది 25 నుంచి 27. ముందు ఒక వేసవి చిన్న ఫ్యాన్లతో నెట్టుకొద్దామంటే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, నీళ్లు ఎక్కువ ఆవిరవుతాయి, రోజూ పొయ్యాలి. చిల్లర్ కొంటే మూసిన అరలో పెట్టకు, దాని వేడి దానికే తగులుతుంది.

నీళ్ల సంగతి కొటేషన్‌లో లేనేలేదు, అదే నాకు ఆశ్చర్యం. డబ్బాల్లో సముద్రపు నీళ్లు పంపమన్నావు, నేను పంపను. ఒడ్డు దగ్గర నీటిలో ఏం కలుస్తుందో ముప్ఫై ఏళ్లు చూశాను, దాన్ని శుద్ధి చెయ్యడానికి ఒక హేచరీ కావాలి. అక్వేరియం ఉప్పు కొనుక్కో, లీటరుకు 35 గ్రాముల లెక్కన మొదటిసారికి తొమ్మిది కిలోల దాకా పడుతుంది. వంటింటి ఉప్పు పనికిరాదు, అందులో కాల్షియం, మెగ్నీషియం ఉండవు. కలిపే నీరు బోరుదీ ట్యాంకరుదీ వద్దు. ఆర్వో నీటిని డీఐ రెజిన్ దాటించి, టీడీఎస్ మీటరు సున్నా చూపించాక వాడు. ఇంట్లో తాగే ఆర్వోలో చాలాసార్లు రుచి కోసం కొంత పచ్చినీరు కలుపుతారు, అది చూసుకో. ఆవిరై తగ్గినదాని బదులు ఉత్త నీళ్లే పొయ్యాలి. ఉప్పు ఎక్కడికీ పోదు కదా.

ఇక ప్రాణభయం మాట. ఉప్పునీరు కరెంటును బాగా మోస్తుంది. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, ఆ ప్లగ్గులకు 30 మిల్లీయాంప్‌ల ఆర్సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, పెట్టించు. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి, కారిన బొట్టు ప్లగ్గులోకి వెళ్లకుండా. బుజ్జిగాడు చెయ్యి పెడతాడు, ఎంత చెప్పినా పెడతాడు. ఈ కరెంటు పని పూర్తయ్యాకే నీళ్లు పొయ్యి.

ఇన్వర్టర్ ప్లగ్గు మీద ఒక వేవ్‌మేకర్, అంటే ట్యాంకులో నీటిని కదిలించే చిన్న పంపు, ఉంచు. చిల్లరూ హీటరూ దానిమీద పెట్టకు, బ్యాటరీని తినేస్తాయి. వేవ్‌మేకర్‌తోపాటు కరెంటు పోగానే తనంతట తానే మొదలయ్యే బ్యాటరీ గాలిపంపు ఒకటి కొను. ఈ మొత్తం జాబితాలో చవకైన వస్తువుల్లో అదొకటి. మా హేచరీలో ఆ రాత్రి లేనిది అలాంటిదే.

అన్నీ పెట్టాక నాలుగు నుంచి ఆరు వారాలు ఖాళీ ట్యాంకు చూస్తూ ఉండాలి. చిటికెడు మేత వేస్తూ, టెస్ట్ కిట్‌తో అమ్మోనియా పెరగడం, తగ్గడం, నైట్రైట్ పెరగడం, తగ్గడం రాసుకోవాలి. రెండూ సున్నాకు దిగి నైట్రేట్ కనబడ్డాకే రెండు క్లౌన్ చేపలు. పిల్లాడికి కష్టమే. ఆ లెక్కలు రాసే పుస్తకం వాడి చేతికే ఇవ్వు, రంగులు వాడి చేతే చూపించి అంకెలు వాడి చేతే రాయించు. చిన్నప్పుడు నువ్వు విశాఖ బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని అక్వేరియంలో అద్దానికి ముక్కు ఆనించి గంట నిలబడ్డావు, వాడికీ ఆ ఓపిక ఉంటుంది. బాగా చూసుకుంటే ఆ చేపలు పదేళ్లు దాటి బతుకుతాయి, వాడు ఇంటర్ చదివే దాకా.

గ్లాసు కోతకు ఇవ్వకముందు సంప్ పొడవు, వెడల్పు, ఎత్తు, పంపు ఆగాక ఎంత నీరు దిగుతుందో లెక్క, ఈ నాలుగూ కాగితం మీద వేసి నాకు ఫొటో పంపు. నేను చూసి సరే అనేదాకా అడ్వాన్సు ఇవ్వకు, అమ్మలూ.